సబ్బు ముట్టని చెయ్యి

మా ఆయన పోయి పది నెలలైంది. పరామర్శకు వచ్చినవాళ్ళు దాదాపు అందరూ రెండు మాటలు చెప్పారు. ఒకటి, ఆయన మంచివాడు. రెండు, ఆయన చేత్తో కలిపిన పులిహోరకు సాటి లేదు. మొదటి మాట చెప్పేటప్పుడు కొంచెం ఆగారు. దానికి ఉదాహరణ గుర్తు తెచ్చుకోవాలి కదా. రెండో మాటకు ఎవరూ ఆగలేదు. నేను తల ఊపాను. ఆ పులిహోర గురించి నాకు తెలిసినంత న్యూజెర్సీలో మరెవరికీ తెలియదు.

ఐదేళ్ళ కిందటి సంగతి. అప్పట్లో నేను ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. ఇప్పటికీ అదే ల్యాబ్, అదే ఉద్యోగం. ఎమ్మెస్సీలో వచ్చిన గోల్డ్ మెడల్ పెట్టెలో ఉంది. మొదటి రెండేళ్ళు గాజు సీసాలు కడిగాను. తరవాత షిగెల్లాను పెంచే పని ఇచ్చారు. షిగెల్లా అంటే రక్తవిరేచనాలు తెప్పించే బాక్టీరియా. మన ఊళ్ళలో దాన్ని ఎవరూ పనిగట్టుకుని పెంచరు, అదే పెరుగుతుంది. ఇక్కడ దానికి ప్రత్యేకమైన ఆహారం, ప్రత్యేకమైన పెట్టె, రోజూ ఉష్ణోగ్రత రాసిపెట్టే మనిషి. ఆ మనిషిని నేను.

ఆ బాక్టీరియా మర్యాదల గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. చెప్పకపోతే తరవాతి సంగతి అర్థం కాదు. మామూలుగా మనం మింగిన క్రిములు పొట్టలోని ఆమ్లానికి చచ్చిపోతాయి. కలరా క్రిములు కూడా లక్షల్లో దిగితేనే ఏ కొన్నో దాటతాయి. షిగెల్లాకు అంత సైన్యం అక్కర్లేదు. ఓ వంద చాలు, అంతకంటే తక్కువైనా చాలు. ఆమ్లాన్ని ఓర్చుకుని పేగులోకి వస్తుంది. అక్కడ పేగు గోడను పగలగొడుతుందని అనుకుంటాం. పగలగొట్టదు. గోడలోని కణం దగ్గరకు చేరి, ఆ కణమే తనను మింగేటట్టు చేస్తుంది. తలుపు తీసింది ఇంటివాళ్ళే. లోపలికి వెళ్ళాక తనను చుట్టిన సంచీని చింపుకుని బయటపడుతుంది, అక్కడే పిల్లల్ని పెడుతుంది, పక్క కణంలోకి నడుస్తుంది. ఇంకో గుణం కూడా ఉంది. ముప్పై డిగ్రీల దగ్గర పెంచితే ఈ పని చెయ్యడం చేతకానట్టు ఉంటుంది. ముప్పై ఏడుకు, అంటే మన ఒంటి వేడికి తెస్తే, అప్పుడు అసలు సంగతి బయటపెడుతుంది. బయట ఉన్నంతసేపు సాధువు. మా బాస్‌కు ఇలాంటి పోలికలు నచ్చవు. నాకూ నచ్చవు. వేరే మాటలు దొరక్క వాడాను.

మేముండే పార్సిప్పనీ చుట్టుపక్కల అప్పుడు తెలుగువాళ్ళం యాభై కుటుంబాలు ఉండేవాళ్ళమేమో. మా ఆయన బ్రిడ్జిలు కట్టే కంపెనీలో ఇంజనీరు. ఆయన ఉద్యోగం చెబితే అందరూ గౌరవంగా తల ఊపేవారు. నా ఉద్యోగం చెబితే కుర్చీ కొంచెం వెనక్కి జరిపేవారు.

వాళ్ళందరికీ పెద్ద దిక్కు ఒకావిడ. మేం అక్కయ్యగారు అనేవాళ్ళం. నాకంటే ఆరేళ్ళే పెద్ద, కానీ పదవి అలాంటిది. పూజలు, వంటలు, ఎవరి ఇంట్లో ఎవరు ఏ వరసలో కూర్చోవాలి, అన్నీ ఆవిడే. మా ఆయన్ని తమ్ముడూ అనేది. నన్ను అమ్మాయ్ అనేది. ఆవిడకు ఐదేళ్ళ కూతురు.

ఆ ఏడు శ్రీరామనవమి బుధవారం వచ్చింది. రాముడికి ఇక్కడ ఆఫీస్ సెలవు లేదు కాబట్టి శనివారానికి మార్చాం. ఒక స్కూల్ హాల్ అద్దెకు తీసుకున్నారు. వంటకు మడి కట్టుకోవాలని అక్కయ్యగారి నియమం. పానకం ఒకరు, వడపప్పు ఒకరు. పులిహోర మాత్రం మా ఆయనే. చింతపండు ఉడికించి పోపు పెట్టడం ఎవరైనా చెయ్యొచ్చట. అన్నం పళ్ళేల్లో ఆరబోసి, పులుసు పోసి, మెతుకు విరగకుండా కలపడం మాత్రం ఆయన చేతికే వచ్చునట. గరిటె పెడితే రుచి పోతుందట. పెళ్ళైన పదకొండేళ్ళలో ఆయన మా ఇంట్లో కాఫీ కలపలేదు. ఊళ్ళోవాళ్ళకు మాత్రం బకెట్ల లెక్కన పులిహోర కలిపేవారు.

నేను కూరలైనా తరుగుదామని వంటగదిలోకి వెళ్ళాను. అక్కయ్యగారు గుమ్మంలోనే ఆపింది.

"నువ్వొద్దులే అమ్మాయ్. ఏమీ అనుకోకు. అదే... నువ్వు చేసే పని అలాంటిది కదా."

"శనివారం ల్యాబ్‌కి వెళ్ళనండీ. స్నానం కూడా చేశాను."

"స్నానం చేస్తే పోయేవా అవి? నువ్వే కదా చెప్పావు, కంటికి కనపడవని. బయట నేమ్ ట్యాగ్స్ రాయి. నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది."

మా ఆయన పట్టుపంచెలో, లోపల పళ్ళెం ముందు నిలబడి ఉన్నారు. నా వైపు చూసి కనుబొమలు ఎగరేశారు. నా తరఫున ఆయన చేసిన పోరాటం అంతటితో పూర్తయింది.

నేను తిరిగి వెళ్తూ ఒకటి చూశాను. ఆ స్కూల్ వంటగదిలో సింక్ పక్కన గోడకు గులాబీరంగు సబ్బు డబ్బా ఉంది. దాని మీద అక్కయ్యగారు కాగితం అడ్డంగా పెట్టి టేప్ అంటించింది. సబ్బులో జంతువుల కొవ్వు కలుస్తుంది, నైవేద్యానికి పనికిరాదు, మడిలో ఉన్నవాళ్ళు ఎవరూ ముట్టకూడదు. బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చినా అంతే. చేతులు కడుక్కోవడానికి ఇత్తడి చెంబుతో నీళ్ళు. చాలా నీళ్ళు, మంచి చెంబు.

నేను చూశాను, ఏమీ అనలేదు. నేమ్ ట్యాగ్స్ రాయడానికి వెళ్ళాను. ముత్యాల్లా రాశాను.

వడ్డన నా దాకా వచ్చేసరికి పులిహోర అయిపోయింది. ఆ రోజు దాని గురించి కాస్త బాధపడ్డాను కూడా.

సోమవారం మధ్యాహ్నం మొదటి ఫోన్ వచ్చింది. మంగళవారానికి ఎవరింటికి ఫోన్ చేసినా బాత్‌రూమ్‌లో ఉన్నారనే జవాబు. జ్వరం, కడుపులో మెలిపెట్టే నొప్పి, జిగట, రక్తం. బుధవారం అక్కయ్యగారి కూతురికి జ్వరం ఎక్కువై ఫిట్స్ వచ్చాయి. హాస్పిటల్లో చేర్చారు. గురువారం అక్కడి డాక్టర్ చెప్పాడు, ఇది షిగెల్లా అని.

ఆ పేరు విన్న యాభై ఇళ్ళవాళ్ళకూ ఒకే మనిషి గుర్తొచ్చింది. వాళ్ళను తప్పు పట్టను. నాకూ నేనే గుర్తొచ్చాను.

ఫోన్లో మాటలు తిరిగి తిరిగి నా చెవికే వచ్చేవి. "తను మాత్రం ఒక్క మెతుకు తినలేదు, చూశావా?" "కోట్ వేసుకునే ఇంటికొస్తుందటగా?" "అక్కయ్యగారు వంటగదిలోకి రానివ్వలేదు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఇంకెంత అయ్యేదో." ఈ చివరి మాటలోని తర్కం నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

నేను కోట్ ల్యాబ్‌లోనే విప్పుతాను. చేతులు మూడుసార్లు కడుగుతాను. అయినా ఆ వారం నిద్రపోలేదు. పేగులోకి వెళ్ళడానికి ఎన్ని చాలో నాకు తెలుసు. గోటి సందులో అన్ని పడతాయి. నా గోటి నుంచి మా ఇంటి తువ్వాలుకు, తువ్వాలు నుంచి ఆయన చేతికి, ఆ చేతి నుంచి అందరి విస్తళ్ళలోకి. దారి అంతా కళ్ళముందు కనిపించేది. ఎవరూ నాకు వివరించాల్సిన పని లేకపోయింది.

శుక్రవారం హాస్పిటల్‌కి వెళ్ళాను. పాప చేతికి సెలైన్ సూది, మొహం చిన్నదైపోయింది. నన్ను చూసి నవ్వింది. ఐదేళ్ళవాళ్ళకు ఎవరిమీద కోపం పెట్టుకోవాలో ఇంకా తెలియదు.

"ఆంటీ, మీ బగ్స్ నా టమ్మీలో ఉంది?"

"ఎవరు చెప్పారమ్మా?"

"ఎవ్రీబడీ."

అక్కయ్యగారు కిటికీ వైపు తిరిగి నిలబడింది. వద్దు అలా అనకు అని కూతురికి చెప్పలేదు.

"తెలీదమ్మా," అన్నాను. "చూసి చెబుతాను."

అదే నా సమస్య. పిల్లకు నిజంగా చూసి చెప్పాలి.

ఆ రోజే కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్ మనిషి హాస్పిటల్‌కి వచ్చాడు. చేతిలో కాగితాల అట్ట, మర్యాదస్తుడు. భోజనం ఎవరు వండారు, ఎలా వండారు అని అక్కయ్యగారిని అడిగాడు. నాకు ఈ క్రిముల సంగతి తెలుసు కాబట్టి ఆవిడ నన్ను పక్కన ఉండమంది.

"అన్నం దేనితో కలిపారు?"

"స్పూన్స్. బిగ్ స్పూన్స్," అంది అక్కయ్యగారు.

"గ్లవ్స్?"

"యెస్, యెస్. ఆల్వేస్."

"సబ్బు?"

"ప్లెంటీ."

అతను మూడు గళ్ళలో టిక్ పెట్టుకున్నాడు. నేను గోడ వైపు చూశాను. దేవుడి నైవేద్యం గురించి ఒక అమెరికన్‌కి ఎందుకు చెప్పాలని ఆవిడ అనుకుంది. చెయ్యి ఎవరిదో నేనెందుకు చెప్పాలని నేను అనుకున్నాను. మా ఇద్దరికీ పోలిక లేదని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ల్యాబ్‌లో మా బాస్ వార్త విని తలుపు వేశాడు. ఆయనకు నా మీద అనుమానం లేదు. ఆయన భయం వేరు. మా బాక్టీరియా బయటికి పోయిందంటే ల్యాబ్ మూస్తారు.

"ముందు నిన్నూ, మీ ఇంట్లోవాళ్ళనూ టెస్ట్ చెయ్," అన్నాడు. "మనదైతే తెలిసిపోతుంది."

ఎలా తెలుస్తుందంటే, మేం పెంచేవి ఒక మందుకు చావకుండా ముందే తయారుచేసి పెట్టుకున్నవి. బాక్టీరియా ఆహారంలో ఆ మందు కలిపి పోసిన ప్లేట్ మీద మావి పెరుగుతాయి. మావి కాకపోతే పెరగవు. ఇంకొక ప్లేట్‌లో ఎర్రటి రంగు కలుపుతాం. పేగులో దూరగల శక్తి ఉన్నవి ఆ రంగు పీల్చి ఎర్రటి చుక్కలవుతాయి. శక్తి పోగొట్టుకున్నవి తెల్లగా ఉంటాయి. ఇంతే. మిగతా అంతా ఓపిక.

ఇంటికి వెళ్ళి చిన్న ప్లాస్టిక్ డబ్బా ఆయన చేతిలో పెట్టాను.

"ఏంటిది?"

"సాంపిల్ కావాలి. ఇంట్లో అందరిదీ అడిగారు."

"నాకేం లేదు కదోయ్. విరేచనాలు వాళ్ళకి. నేను బండలా ఉన్నాను."

"బండదే కావాలి."

ఆయన డబ్బాను వెలుతురుకు ఎత్తి చూశారు. "పెళ్ళిరోజుకి ఏం కావాలంటే ఏమీ వద్దంటావు. చివరికి అడిగింది ఇదా?"

నవ్వాను. ఆ వారంలో నవ్వింది అప్పుడే.

నాది ఒకటి, ఆయనది రెండు అని రాశాను. ఇద్దరివీ మూడేసి ప్లేట్ల మీద గీసి, ముప్పై ఏడు డిగ్రీల పెట్టెలో పెట్టాను. రాత్రంతా ఆగాలి. పొద్దున తలుపు తీశాను.

నా ప్లేట్లలో షిగెల్లా లేదు. రెండో నంబరు మామూలు ప్లేట్ మీద ఉంది. రంగు ప్లేట్ మీద చక్కటి ఎర్రటి చుక్కలు ఉన్నాయి. మందు కలిపిన ప్లేట్ ఖాళీ.

స్టూల్ మీద కూర్చున్నాను. అది మా ల్యాబ్‌ది కాదు, నా నుంచి వచ్చింది కాదు. ఆయనదే. అప్పుడు గుర్తొచ్చింది. నవమికి మూడు వారాల ముందు మేనకోడలి పెళ్ళి చూసి ఆయన ఇండియా నుంచి వచ్చారు. నాలుగు రోజులు కడుపు బాగాలేదన్నారు. నీళ్ళు పడలేదోయ్ అన్నారు. మజ్జిగ తాగి తగ్గించుకున్నారు. తగ్గింది మనిషికి. బాక్టీరియాకు అక్కడ ఉండటానికి ఇంకో నెల ఇబ్బందేమీ ఉండదు. పట్టుపంచె కట్టుకుని, చెంబుతో నీళ్ళు పోసుకుని, మడిగా పళ్ళెంలో దిగింది. కణం తలుపు తీసినట్టే మేమూ తీశాం, ఇంకాస్త భక్తిగా. నన్ను మాత్రం బయట కూర్చోబెట్టారు.

బాస్ ప్లేట్లు చూశాడు. "మనది కాదు," అన్నాడు. మరి ఎవరిది అని అడగలేదు. సైన్స్‌లో మనది కాదు అనేది పూర్తి వాక్యం. వెళ్ళబోతూ మళ్ళీ ఆగి రంగు ప్లేట్ ఎత్తి చూశాడు. "ఎంత అందంగా ఉన్నాయి! దీన్ని ఫ్రీజర్లో దాచిపెట్టు. పనికొస్తుంది." ఇంటికి వచ్చినవాళ్ళు మా ఆయన పులిహోరను మెచ్చుకున్నట్టే మెచ్చుకున్నాడు.

చిన్న గొట్టంలో గ్లిసరిన్‌తో కలిపి, మూత మీద 2 అని రాసి, సున్నాకు డెబ్బై డిగ్రీల దిగువన పెట్టాను.

ఇక చెప్పడం మిగిలింది. నా పేరు బాగుచెయ్యాలంటే ఆయన పేరు చెప్పాలి. యాభై ఇళ్ళలో ఆయనకు ఉన్న ఆస్తి ఆ చెయ్యి ఒక్కటే. నాకు ముందు నుంచీ అక్కడ పెద్ద పేరేమీ లేదు, పోతే పోయేదీ తక్కువ. ఇలా ఆలోచించి దీన్ని త్యాగం అనుకున్నాను. ఇప్పుడు చూస్తే అంత గొప్పదేమీ కాదు. ఆయన మొహం చూడటానికి భయపడ్డాను, అంతే.

డాక్టర్ దగ్గర మాత్రలు రాయించుకొచ్చాను.

"హాల్‌కి వచ్చినవాళ్ళందరూ వేసుకోవాలట," అన్నాను.

"నువ్వు పులిహోర తినలేదుగా?"

"నేనూ వేసుకుంటాను."

ఆయన నన్నూ మాత్రలనూ చూశారు. మాత్ర మింగారు. నేనూ ఆయన ఎదురుగా ఒకటి మింగాను. ఐదు రోజులు అలాగే మింగాం. నాకు ఏ అవసరమూ లేని మందు, కడుపు మాత్రం నిజంగానే చెడింది. మళ్ళీ టెస్ట్ చేశాను. రెండో నంబరు ప్లేట్లు శుభ్రంగా ఉన్నాయి.

పాప కోలుకుని ఇంటికి వెళ్ళింది. కౌంటీవాళ్ళ ఉత్తరం వచ్చింది, ఎక్కడి నుంచి వచ్చిందో తేలలేదని. తేలకపోవడంతో అందరికీ తేలిపోయింది. ఆ తరవాత ఎవరింటికి వెళ్ళినా నాకు కాఫీ కాగితపు కప్పులో ఇచ్చేవారు. మిగతావాళ్ళకు పింగాణీ.

మరుసటి ఏడు నవమికి అక్కయ్యగారు మళ్ళీ ఆయన్నే పిలిచింది. నేను బయట నేమ్ ట్యాగ్స్ రాస్తున్నాను. వంటగదిలోంచి ఆయన గొంతు వినిపించింది.

"అక్కయ్యా, ఆ టేప్ తియ్యండి."

"ఏం టేపు తమ్ముడూ?"

"సబ్బు మీది. చేతులు కడుక్కోవాలి."

"మడిలో సబ్బేంటయ్యా? కొవ్వు..."

"అయితే ఇంకెవరితోనైనా కలిపించుకోండి."

ఆయన ఎవరితోనూ అలా మాట్లాడగా నేను వినలేదు. తరవాత టేప్ చిరిగిన చప్పుడు వచ్చింది. ఆయన మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని, సంచీలోంచి పొడుగాటి చెక్క గరిటె తీశారట. ఆ రోజు పులిహోర తిన్నవాళ్ళంతా రుచి తగ్గిందన్నారు. పెళ్ళాం నేర్పిన చాదస్తం అన్నారు. ఆయన దాన్ని ఖండించలేదు, నా పక్కన కూర్చుని గరిటెతో కలిపిన పులిహోర తిన్నారు. ప్రతి ఏడూ అంతే. సబ్బు, గరిటె. ఎందుకో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఇద్దరం ఇంట్లో సబ్బు అనే మాట రాకుండా చూసుకునేవాళ్ళం. సంసారం అంటే ఇదేనని చాలామంది చెప్పారు, వాళ్ళు వేరే ఉద్దేశంతో చెప్పి ఉంటారు.

నిరుడు చలికాలం కారు మీద మంచు గోకుతూ గుండె ఆగి పోయారు. దానికీ పేగులకూ ఏ సంబంధమూ లేదు.

ఈ వేసవిలో మా బాస్ ఫ్రీజర్ ఖాళీ చెయ్యమని జాబితా ఇచ్చాడు. ఏది ఉంచాలో, ఏది పారెయ్యాలో, ఎందుకో రాయాలి. 2 అన్న గొట్టం ఎదురుగా ఉంచాలి అని రాశాను. ఎందుకో రాసే గడి ఖాళీగా వదిలేశాను. మా ఆయనవి అల్మరాలో బట్టలున్నాయి, కళ్ళజోడుంది. వాటిలో ఏదీ బతికి లేదు.

పోయిన ఆదివారం అక్కయ్యగారు కూతుర్ని తీసుకుని వచ్చింది. పిల్లకిప్పుడు పదేళ్ళు. స్కూల్లో బాక్టీరియా మీద రిపోర్ట్ రాయాలట. నేను ఒక్కదాన్నయ్యాక సరిగ్గా తినడం లేదని, పెరుగన్నం కలుపుతానని అక్కయ్యగారు పెరుగు, దానిమ్మ గింజలు పట్టుకుని వంటింట్లోకి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ అంది.

"తమ్ముడి చెయ్యి ఇంకెవరికీ రాదు అమ్మాయ్. ఆ ఏడు జరిగింది నేను ఎప్పుడో మర్చిపోయాను. నీ మీద నాకేం లేదు."

క్షమించడం చాలా ఏళ్ళ కిందటే అయిపోయినట్టుంది. నాకు కబురు అందలేదు.

పిల్ల నోట్‌బుక్ తెరిచింది. ఎన్ని చాలు, ఎలా లోపలికి వెళ్తుంది, అన్నీ చెప్పాను. రాసుకుంది. తరవాత పెన్సిల్ ఆపింది.

"ఆంటీ, నాకు సిక్ అయినప్పుడు మీరు చూసి చెబుతానన్నారు. ఐ రిమెంబర్. చెప్పలేదు."

"చూశాను," అన్నాను. "నా బగ్స్ కావు."

"మరి ఎవరిది?"

"అంకుల్‌ది. ఆయన చేతిలోంచి వచ్చింది."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది.

"అంకుల్‌కి తెలుసా?"

"తెలుసనుకుంటాను. ఆ తరవాత ప్రతి ఏడూ సబ్బు పెట్టుకునేవారు."

"సారీ చెప్పారా?"

"సబ్బు పెట్టుకునేవారు," అన్నాను మళ్ళీ.

అది సరిపోయిందో లేదో పిల్ల ఆలోచించింది. "ఆ బగ్ ఇంకా ఉందా?"

"ల్యాబ్‌లో ఉంది. ఫ్రీజర్లో."

"చచ్చిపోయిందా?"

"లేదు. వేడి తగిలితే లేస్తుంది."

"అంకుల్ అయితే లేవరు కదా."

"లేవరు."

పిల్ల తల ఊపి రాసుకోవడం మొదలుపెట్టింది. ఏం రాసుకుందో చూడలేదు. వంటింట్లో అక్కయ్యగారు పెరుగన్నం గిన్నె ముందు, చెయ్యి ముంచబోతూ ఆగి ఉంటుంది. తరవాత గొంతు వచ్చింది, ఎప్పటికంటే కొంచెం తగ్గి.

"అమ్మాయ్, సబ్బు ఎక్కడ పెట్టావు?"

"సింక్ పక్కనేనండీ," అన్నాను. "ఎప్పుడూ అక్కడే ఉంటుంది."